మెఫీబోషెతు భూమి, లాంటర్‌మన్ చట్టము

(శతవార్షికోత్సవ సభలలో, సేవా విభాగపు కూటమున చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ సమయమున మన పితరులు కట్టిన బడులను, ఆసుపత్రులను తలంచుకొనుట న్యాయమే. ఆ సంగతులు ఈ సభలలో చక్కగా విన్నాము. మాకు అప్పగించిన విషయము వికలాంగుల యెడల సంఘ బాధ్యత. దీనిమీద కనికరమును గూర్చి ఒక ప్రసంగము చేసి కూర్చొనుట కష్టము కాదు. అట్టి ప్రసంగము ప్రతి గురువు సంచిలోను ఒకటి సిద్ధముగా ఉండును. కాని బుద్ధి ఎదుగని బిడ్డను కన్న తల్లి, ఆరాధన అయిన తరువాత అందరు వెళ్లువరకు ఆగి మనలను అడిగే ప్రశ్న కనికరమును గూర్చినది కాదు. "అయ్యగారూ, మా తరువాత వీడిని ఎవరు చూస్తారు?" అని ఆమె అడుగును. ప్రార్థన చేసి పంపుదుము. ప్రార్థన మంచిదే. అయితే ఆ ప్రశ్నకు జవాబు ఆ ప్రార్థనలో లేదని ఆమెకూ తెలుసు, మనకూ తెలుసు.

ఆ ప్రశ్నకు జవాబును చట్టముగా వ్రాయించిన ఒక శాసనసభ్యుని సంగతి ఈ పూట చెప్పదలచితిమి. ఆయన మన దేశస్థుడు కాడు, మిషనరీ కాడు, బోధకుడూ కాడు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర శాసనసభలో 1951 మొదలు 1978 వరకు, అనగా 28 సంవత్సరములు, ఎడతెగక సభ్యుడుగా ఉన్నవాడు. పేరు ఫ్రాంక్ లాంటర్‌మన్. ఇక్కడ ఆ పేరు విన్నవారు తక్కువ. కాలిఫోర్నియాలో ఉద్యోగములు చేసికొనుచున్న తెలుగు కుటుంబములలో ఆటిజము గల బిడ్డలు ఉన్నవారిని అడిగి చూడండి, "రీజినల్ సెంటరు" అనే మాట వారి ఇంట ప్రతి వారము వినబడును. ఆ సెంటర్లకు ఆధారమైన చట్టము ఈయన పేరుమీదనే ఉన్నది.

ఆయన సంగతికి ముందు రెండవ సమూయేలు గ్రంథమున మెఫీబోషెతు సంగతి ఒకసారి జ్ఞాపకము చేసికొందము. యోనాతాను కుమారుడు. తండ్రియు తాతయు యుద్ధములో చనిపోయిన వార్త వచ్చినప్పుడు అయిదేండ్లవాడు. దాది ఎత్తుకొని పరుగెత్తుచుండగా క్రిందపడి రెండు కాళ్లు కుంటివైనవి. లోదెబారులో మాకీరు అనువాని ఇంట తలదాచుకొని ఉండగా దావీదు పిలిపించాడు. దీనిమీద మనము చేయు ప్రసంగములన్నీ రాజు బల్లయొద్ద భోజనముతోనే ముగియును. కుంటి కాళ్లు బల్లక్రింద కనబడకుండ ఉన్నవని చెప్పి కన్నీళ్లు తెప్పించుదుము. అయితే వాక్యమును నిదానముగా చదివినవారికి మరియొకటి కనబడును. దావీదు బల్లతో పాటు భూమిని కూడ ఇచ్చాడు. సౌలు పొలమంతయు మనుమనికి తిరిగి చెందునట్లు ఆజ్ఞాపించాడు. అంతటితో ఊరకుండలేదు. కుంటివాడు పొలము దున్నలేడు గనుక, సీబాను అతని పదునైదుగురు కుమారులతోను ఇరువదిమంది దాసులతోను ఆ పనికి నియమించాడు. బల్ల రాజు దయ. భూమి అతని హక్కు. ఆ హక్కు మాటగా మిగిలిపోకుండ జరిగించుటకు మనుష్యులను, ఖర్చును, బాధ్యుని పేరును రాజే నిర్ణయించాడు. మా దృష్టికి ఆ అధ్యాయమునకు గుండెకాయ అదే.

ఇప్పుడు లాంటర్‌మన్ గారి సంగతి.

ఆయన 1901వ సంవత్సరమున పుట్టారు. లాస్ ఏంజిలిస్ పట్టణమునకు ఉత్తరాన, కొండల అడుగున లా కన్యాడా అనే లోయ ఉన్నది. ఆయన తాత జాకబ్ లాంటర్‌మన్ పండ్ల వైద్యుడు, 1870లలో మిషిగన్ నుండి వచ్చి మరియొకనితో కలిసి ఆ లోయలోని భూమి కొన్నవాడు. తండ్రి వైద్యుడు. ఫ్రాంక్ గారు మాత్రము సంగీతమును పట్టుకొన్నారు. మాటలు లేని మూగ సినిమాల కాలమది. పెద్ద థియేటర్లలో తెర ముందు ఆర్గన్ వాయించువాడు ఒకడు ఉండేవాడు; బొమ్మ నడచుకొలది వాద్యము నడపవలెను. ఆ పనిలో ఆయన పేరు పొంది, 1929లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున క్రొత్తగా తెరచిన స్టేట్ థియేటరులో వాయించుటకు కూడ వెళ్లారు. అంతలో మాటలాడే సినిమాలు వచ్చి ఆ వృత్తినే ముంచివేసినవి. ఆర్గన్ మీద ఆయన ప్రేమ మాత్రము పోలేదు. సాన్‌ఫ్రాన్సిస్కోలో ఫాక్స్ థియేటరును 1963లో పడగొట్టినప్పుడు, అందులోని బ్రహ్మాండమైన వుర్లిట్జర్ ఆర్గన్ ఈయన ఇంటికే చేరినది. పెండ్లి చేసికొనలేదు, అన్నదమ్ములిద్దరు అదే ఇంట ఉండేవారు. హార్మోనియము మరమ్మతుకే చందా పోగుచేయలేని మన సంఘముల సంగతి తలంచినప్పుడు, ఇంటిలో అంత ఆర్గన్ పెట్టుకొన్నవానిని చూచి కొంచెము అసూయ కలుగకపోదు.

రాజకీయములలోనికి ఆయన వికలాంగుల కొరకు రాలేదు. నీళ్ల కొరకు వచ్చారు. ఆ లోయలో నీటి ఎద్దడి. నీళ్లు లేనిదే ఇండ్లు రావు, ఇండ్లు రానిదే భూమికి విలువ లేదు. ఆ కుటుంబమునకు భూమి ఉన్నది. 1950 ఎన్నికలలో గెలిచి, 1951లో సభలో అడుగుపెట్టి, నీటి సంగతి చక్కబెట్టే శాసనము చేయించారు. 1952లో ఆ ప్రాంతమునకు నీటి జిల్లా ఏర్పడినది. అంతటితో ఇంటికి వెళ్లిపోయి ఉంటే ఈ దినము ఆయనను ఎవరు తలంచుకొనరు.

ఆయనది రిపబ్లికన్ పార్టీ. ప్రభుత్వ ఖర్చును అనుమానముగా చూచు పక్షమది. సభలో వేస్ అండ్ మీన్స్ అనే కమిటీ ఉన్నది, ఖజానాలోని ప్రతి డాలరు దాని చేతిగుండానే పోవలెను. అందులో ఆయన ఏండ్ల తరబడి కూర్చున్నారు. పత్రికలలో బొమ్మ పడే పని కాదది. రాత్రింబగళ్లు లెక్కల కాగితములు చదువు పని. అక్కడ కూర్చున్నవానికి ఒకటి తెలియును: ఏ పథకమునకు డబ్బు పారుచున్నదో, ఏది పేరుకు మాత్రమే ఉన్నదో.

ఆ రోజులలో కాలిఫోర్నియాలో బుద్ధిమాంద్యము గల బిడ్డ పుడితే (ఆ కాలపు మాట అదే, ఇప్పుడు మేధోపరమైన వైకల్యము అందుము) తలిదండ్రులకు రెండే దారులు. ఏ సహాయము లేక ఇంట ఉంచుకొనుట, లేదా రాష్ట్ర ఆసుపత్రికి అప్పగించుట. సొనోమా, పసిఫిక్, పోర్టర్‌విల్, ఫెయిర్‌వ్యూ అని ఆ పెద్ద ఆసుపత్రులు. 1960లలో వాటిలో 13 వేలకు పైగా మనుష్యులు ఉండిరి. చోటు కొరకు కాచుకొన్నవారు ఇంకను వేలు. అక్కడ పడకకు పడక తగులుచుండెను. పుట్టిన వెంటనే "ఈ బిడ్డను మరచిపొండి, అక్కడ చేర్చండి" అని చెప్పు వైద్యులు ఉండిరి.

ఇంతకన్న చేదైన సంగతి కూడ చెప్పవలెను. 1909లో అదే రాష్ట్రము, ఇట్టివారు పిల్లలను కనకుండ శస్త్రచికిత్స చేయవచ్చునని చట్టము చేసినది. ఆ చట్టము 1979 వరకు పుస్తకములలో ఉన్నది. సుమారు 20 వేలమందికి అట్లు చేశారు. పొమోనా దగ్గర ఉన్న పసిఫిక్ ఆసుపత్రి కూడ అట్టి శస్త్రచికిత్సలు జరిగిన స్థలములలో ఒకటి. చదువుకొన్నవారు, సంస్కర్తలు, బోధకులు కూడ కొందరు ఆ చట్టమును మెచ్చుకొన్నారు. లోకము మేలు కొరకే అనుకొన్నారు.

ఈ పరిస్థితిని కదిలించినవారు మొదట తలిదండ్రులు. రెండవది కొందరు వైద్యులు. లాస్ ఏంజిలిస్ పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ రిచర్డ్ కోచ్ అనే వైద్యుడు, బిడ్డ ఇంటనే ఉండగా ఊరూరా క్లినిక్ నడిపి, తగిన సహాయము అందితే ఈ బిడ్డలు ఆసుపత్రికి పోనక్కరలేదని చేసి చూపినవాడు. 1965లో జెరోమ్ వాల్డీ అనే డెమోక్రాట్ సభ్యుడు తెచ్చిన బిల్లు వలన రెండు రీజినల్ సెంటర్లు పరీక్షార్థము మొదలైనవి. ఒకటి ఆ పిల్లల ఆసుపత్రిలో, ఒకటి సాన్‌ఫ్రాన్సిస్కోలో. మరుసటి సంవత్సరము వాల్డీ గారు వాషింగ్టన్‌కు, దేశ ప్రతినిధుల సభకు వెళ్లిపోయారు. పెట్టిన దీపమునకు నూనె పోయువాడు కావలెను. ఆ భారము ఎదుటి పక్షపువాడైన లాంటర్‌మన్ గారు ఎత్తుకొన్నారు.

1969లో ఆయన పేరుతో మొదటి చట్టము వచ్చినది. గవర్నరు రోనాల్డ్ రీగన్, లాంటర్‌మన్ గారి పార్టీవాడే, సంతకము పెట్టాడు. రెండు సెంటర్ల పద్ధతిని రాష్ట్రమంతటికి విస్తరింపజేయుట దాని సారాంశము. 1973లో మెదడు పక్షవాతము, మూర్ఛ, ఆటిజము గలవారిని కూడ చేర్చారు. 1977లో అదంతయు కలిపి, పెంచి, లాంటర్‌మన్ డెవలప్‌మెంటల్ డిసెబిలిటీస్ సర్వీసెస్ ఆక్ట్ అని నిలిపారు. అప్పటికి ఆయన వయస్సు 75 దాటినది.

ఆ చట్టము పని చేయు విధమును కొంచెము నిదానముగా వివరింపనీయండి, ఏలయనగా దానిలోనే అసలు సంగతి ఉన్నది. రాష్ట్రమును ప్రాంతములుగా విభజించారు; ఇప్పుడు 21 సెంటర్లు ఉన్నవి. సెంటరు ప్రభుత్వ కచేరీ కాదు. అక్కడివారే ఏర్పరచుకొన్న, లాభాపేక్ష లేని సంస్థ. ప్రభుత్వము ఒప్పందము చేసికొని డబ్బిచ్చును. బిడ్డను తీసికొని వెళ్లినచో పరీక్షించుదురు. అర్హత ఉన్నదని తేలితే ఆ కుటుంబమునకు ఒక ఉద్యోగిని పేరుతో అప్పగించుదురు. తలిదండ్రులు, ఆ ఉద్యోగి, మాటలాడగలిగితే ఆ మనిషి కూడ కలిసి కూర్చొని, ఇతనికి ఏమి కావలెనో కాగితము మీద వ్రాసికొందురు. మాట నేర్పుటయా, నడక నేర్పుటయా, తల్లికి వారమునకు కొన్ని గంటలు విశ్రాంతి దొరకునట్లు వేరొకరు వచ్చి చూచుకొనుటయా, పెద్దవాడైన తరువాత నలుగురితో కలిసి ఒక ఇంట ఉండుటయా. వ్రాసికొన్నది వట్టి కోరిక కాదు, సెంటరు సమకూర్చవలసిన బాకీ. తండ్రి ఆదాయము ఎంత అని చూచి అర్హత నిర్ణయింపరు. పరదేశియా స్వదేశియా అని కూడ చూడరు. అన్నిటికన్న ముఖ్యము, ఇది బాల్యముతో ముగియదు. తల్లి చనిపోయిన దినమున ఆ ఉద్యోగి వద్ద ఆ మనిషి పేరు ఉండును. మనకు గుడి మెట్లమీద వినబడే ప్రశ్నకు ఇది జవాబు. ఈ దినము ఆ రాష్ట్రమున 4 లక్షలకు పైగా మనుష్యులు ఆ జవాబు క్రింద బ్రతుకుచున్నారు.

ఇది ఖర్చులేని పని అని ఎవరును అనుకొనరాదు. డబ్బు కొరత వచ్చినప్పుడు ప్రభుత్వము ఏమి చేయునో మనకు తెలిసినదే. 1980లలో అక్కడి శాఖాధికారులు కొన్ని సేవలను మూకుమ్మడిగా తగ్గించమని సెంటర్లకు ఉత్తరువులిచ్చారు. తలిదండ్రుల సంఘము కోర్టుకెక్కినది. 1985లో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది: ఈ చట్టము ఇచ్చినది ధర్మము కాదు, హక్కు, ఒక్కొక్కని అవసరమును బట్టి వ్రాసిన సేవను, డబ్బు లేదని శాఖవారు తమంతట తాము కొట్టివేయుటకు వీలులేదు. లాంటర్‌మన్ గారు ఆ తీర్పు చూడలేదు. 1981లో నిద్రించారు.

సీబాను మరల జ్ఞాపకము చేసికొనవలసిన చోటు ఇదే. అబ్షాలోము తిరుగుబాటు కాలమున సీబా తన యజమానుని మీద కొండెము చెప్పి పొలమంతయు తన పేర వ్రాయించుకొన్నాడు. మెఫీబోషెతు తరువాత వచ్చి, గాడిదమీద గంత కట్టించుకొని రావలెననుకొంటే తాను కుంటివాడనని మోసగించి విడిచిపోయిరని చెప్పుకొన్నాడు. దావీదు పూర్తిగా విచారింపలేదు. పొలము ఇద్దరు పంచుకొనుడని తేల్చాడు. ఇచ్చిన రాజు మంచివాడే, ఆజ్ఞ మంచిదే, నడుమ ఉన్నవాడు చెడిపోయినాడు, కాళ్లు లేనివాడు సమయమునకు కోర్టుకు చేరలేకపోయాడు. కాలిఫోర్నియాలోను అన్నియు సరిగా ఉన్నవని మేము చెప్పము. ఇంగ్లీషు బాగుగా మాటలాడి వాదించుకొనగల తెల్లవారి కుటుంబములకు అయ్యే ఖర్చుతో పోల్చితే స్పానిష్ మాటలాడు కుటుంబములకు తక్కువ ఖర్చగుచున్నదని లెక్కలలో తేలినది. హక్కు అందరిది, దానిని అడిగి తెచ్చుకొను శక్తి మాత్రము అందరికి ఒకటిగా లేదు.

ఆయన పేరుమీద ఇంకొక చట్టము కూడ ఉన్నది. దానిని దాచిపెట్టి పొగడుట న్యాయము కాదు. 1967లో లాంటర్‌మన్, పెట్రిస్, షార్ట్ అను ముగ్గురు కలిసి తెచ్చినది. ఇది మతిస్థిమితము లేనివారిని గూర్చినది. అంతకు పూర్వము ఒకనిని పిచ్చివాడని నిర్ణయించి ఎంతకాలమైనను బంధింపవచ్చును. ఆ విచారణ సగటున అయిదు నిమిషములైనను జరుగుట లేదని సభా సంఘము కనుగొన్నది. క్రొత్త చట్టము ప్రకారము ఇష్టము లేనివానిని మొదట 72 గంటలకంటె ఎక్కువ ఉంచకూడదు. ఆపైన ప్రతి మెట్టుకు కారణము చూపవలెను, కోర్టును అడుగుకొను హక్కు ఉన్నది. ఉద్దేశము మంచిది. ఆసుపత్రులు ఖాళీ అయినవి. వారితో పాటు ఊళ్లకు రావలసిన డబ్బు, వైద్యము, ఇండ్లు చాలినంత రాలేదు. అనేకులు వీధులలోను జైళ్లలోను తేలిరి. చికిత్స కావలసినవానికి చికిత్స అందకుండుట తన ఉద్దేశము కాదనియు, చట్టమును మార్చవలెననియు తరువాతి కాలమున లాంటర్‌మన్ గారే చెప్పారు. 2023లో శాసనసభ ఆ చట్టములోని నిర్వచనమును విరివి చేసినది, దానిమీద వాదములు ఇంకను ఆగలేదు. మా అభిప్రాయము అడిగితే, రెండు చట్టములకు భేదము సీబాలోనే ఉన్నది. ఒక దానిలో తలుపు తెరచి, పొలము దున్ను మనుష్యులను కూడ నియమించారు. రెండవ దానిలో తలుపు తెరచారు, దున్నువారిని చాలినంతగా పంపలేదు.

పొమోనాలోని పసిఫిక్ ఆసుపత్రికి 1979లో ఆయన పేరు పెట్టారు. గౌరవముగానే పెట్టారు. కాని అట్టి ఆసుపత్రులు అక్కరలేకుండ చేయుటకు పాటుపడినవాని పేరు ఆసుపత్రికి పెట్టుట వింతగా లేదా? 2010లో దానిని మూసివేయుదుమని ప్రకటించినప్పుడు సుమారు 400 మంది అందులో ఉండిరి, కొందరు దశాబ్దముల తరబడి. మూయవద్దని ప్రాధేయపడినవారిలో వారి తలిదండ్రులు, అన్నదమ్ములు అనేకులు. ఇక్కడ మనము తొందరపడి తీర్పు చెప్పరాదు. ఎనుబదేండ్ల తండ్రి, తన కుమారునికి తెలిసిన ఇల్లు అదొక్కటే అని చెప్పినప్పుడు దానికి విలువ ఉన్నది. ఒక్కొక్కరికి చోటు చూచి, ఇంటిని సిద్ధపరచి, పంపుటకు దాదాపు అయిదేండ్లు పట్టినది. 2014 డిసెంబరులో చివరివారు వెళ్లారు. ఆ స్థలము ఇప్పుడు ఒక విశ్వవిద్యాలయము చేతిలో ఉన్నది.

మన ప్రాంతమునకు వత్తము. శాసనసభ, వైకల్యము అనగానే మనకు జైపాల్ రెడ్డి గారు తలంపుకు వత్తురు. పసితనమున పోలియో వచ్చి, కర్రల సహాయముతో నడచి, కల్వకుర్తి నుండి 1969 మొదలు 1984 వరకు శాసనసభ్యుడుగాను, తరువాత పార్లమెంటులోను, కేంద్ర మంత్రిగాను ఉండి, 2019లో గతించారు. ఆయన లేచి మాటలాడితే సభ వినెడిది. కాళ్లు లేకున్నను నోరున్నవాడు తన మాట తాను చెప్పుకొనును. ఓటు వేయు శక్తి లేనివాని మాట, తన పేరు తాను చెప్పలేనివాని మాట ఎవరు చెప్పవలెను? లాంటర్‌మన్ గారి ప్రత్యేకత అది. ఎవరి కొరకు పాటుపడ్డారో వారిలో అనేకులు ఆయనకు ఒక్క ఓటు కూడ వేయలేరు.

మన సంఘ చరిత్రలో దీనికి పోలిక లేకపోలేదు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో వెస్లియన్ మెథడిస్టు మిషనుకు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్ దొరసానిగారు, రాజా నర్సాగౌడ్ గారి దాతృత్వముతో, 1915లో కుష్ఠరోగుల ఆసుపత్రి నిలిపారు. ఊరు వెళ్లగొట్టినవారిని చేర్చుకొన్న స్థలమది. ఆ కాలమునకు అంతకన్న గొప్ప పని లేదు. తరువాత మందులు వచ్చినవి, రోగి ఇంటనే ఉండి బాగుపడవచ్చునని తేలినది, అప్పుడు ప్రశ్న మారినది. ఇక వేరే ఊరు కట్టుట కాదు, విడిచిన ఊరే తిరిగి చేర్చుకొనవలెను. కట్టుటకు మన పితరులు చందాలు ఎత్తారు. చేర్చుకొనుటకు చందాలు చాలవు.

చట్టములు మనకును లేకపోలేదు. సికింద్రాబాదులోని మనోవికాస్‌నగర్‌లో 1984 నుండి జాతీయ సంస్థ ఒకటి ఈ బిడ్డల కొరకే ఉన్నది, పరీక్ష చేయుదురు, తల్లికి శిక్షణ ఇత్తురు. 1995లో మొదటి చట్టము వచ్చినది. 1999లో నేషనల్ ట్రస్టు చట్టము వచ్చినది. ఆటిజము, మెదడు పక్షవాతము, బుద్ధిమాంద్యము, ఒకటికి మించిన వైకల్యములు గలవారి కొరకు. 2016 చట్టము 21 రకముల వైకల్యములను గుర్తించినది. వీటిని మన శాసనకర్తలు చేశారు. సీబా పని మాత్రము చాలచోట్ల జరుగుట లేదు.

అందులో ఒక్క సంగతి పట్టుకొని ముగింతుము. బిడ్డకు 18 ఏండ్లు నిండువరకు తలిదండ్రులే సంరక్షకులు. నిండిన తరువాత, ఎంత బుద్ధిమాంద్యము ఉన్నను, చట్టము దృష్టిలో అతడు పెద్దవాడు. తల్లి అతని తరపున సంతకము చేయ వీలులేదు. బ్యాంకులోను, పొలము పంపకములోను ఇది అడ్డు వచ్చును. తలిదండ్రులు పోయిన తరువాత అన్నదమ్ములలో తగవులు పుట్టుట మనము చూచుచున్నాము. నేషనల్ ట్రస్టు చట్టము ప్రకారము ప్రతి జిల్లాలో స్థానిక స్థాయి కమిటీ ఉండవలెను. కలెక్టరు గారు, ఒక రిజిస్టరైన సంస్థ ప్రతినిధి, వైకల్యము గల ఒకరు, ఈ ముగ్గురు అందులో ఉందురు. తలిదండ్రులు దరఖాస్తు పెట్టుకొని సంరక్షకుని నియమింపజేసికొనవచ్చును. వకీలు అక్కరలేదు, కోర్టు అక్కరలేదు. సంరక్షకుడు తన చేతికి వచ్చిన ఆస్తి లెక్క వ్రాసి కమిటీకి చూపవలెను. అదే ట్రస్టు క్రింద నిరామయ అని లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉన్నది. ఇవి పొందుటకు మొదట వైకల్య ధ్రువపత్రము కావలెను. మన ఊళ్లలో సదరం అని పిలుచు పరీక్ష, యు.డి.ఐ.డి. కార్డు అనునవి అందుకే.

మా పాస్టరేటులో గ్రామ గ్రామమునకు వెళ్లి ఇట్టి బిడ్డల లెక్క తీయగా, సంఘ రిజిష్టరులో బాప్తిస్మము వ్రాయబడి, ఆ తరువాత మరెక్కడను పేరు కనబడని వారు దొరికిరి. సండేస్కూలు పట్టీలో లేరు, నిర్ధారణ పట్టీలో లేరు. వెనుక గదిలో ఉన్నారు. లోదెబారు దూరము కాదు. మాకీరు వలె వారిని పోషించుచున్న ముసలి నాయనమ్మలు ఉన్నారు. ఏ సభలోను వారికి శాలువా కప్పినట్లు మేము చూడలేదు.

బిషప్ గారి ఎదుట మా మనవి ఇది. ప్రతి పాస్టరేటు కమిటీ అట్టి పట్టీ ఒకటి వ్రాయవలెను: పేరు, వయస్సు, కార్డు ఉన్నదా లేదా, 18 నిండినదా, సంరక్షకుడు ఎవరు, తలిదండ్రుల వయస్సు ఎంత. కలెక్టరు కచేరీకి తీసికొని వెళ్లుటకు ప్రతి పాస్టరేటునుండి చదువుకొన్న ఇద్దరు యౌవనస్థులను పేరుతో నియమింపవలెను. గుడి మెట్ల ప్రక్కన వాలుబాట కట్టుటకు శతవార్షిక నిధిలోనుండి కొంత ప్రత్యేకింపవలెను. బల్లారాధనకు రాలేనివానియొద్దకు బల్లను తీసికొని వెళ్లుట మన ఆచారమే గనుక దానిని వేరుగా చెప్పనక్కరలేదు. మందిరపు ఆస్తుల తీర్మానములు వ్రాయు మినిట్స్ పుస్తకములోనే ఈ పట్టీ కూడ వ్రాసి, సంవత్సరమునకొకసారి చదివి, ఏ పేరు ఎదుట ఏమి జరిగినదో అడుగవలెను.

దరఖాస్తు కాగితములు కొన్ని తెచ్చియున్నాము. మధ్యాహ్న భోజనము తరువాత తూర్పు వరండాలో బల్ల వేసికొని కూర్చుందుము. ఆధారు కార్డు, బిడ్డ ఫోటోలు, వైకల్య ధ్రువపత్రము ఉన్నవారు వెంట తీసికొని రండి. లేనివారు ఊరకనే రండి.